ఏడో తరగతి బాబుకు లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఆటలు, క్లాసులు అన్నీ ఆపేయాలా?

కర్నూలు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబు ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతి. పొద్దున ఐదున్నరకు క్రికెట్ కోచింగ్. సాయంత్రాలు వారానికి రెండు రోజులు కీబోర్డు, రెండు రోజులు అబాకస్ (పూసల చట్రంతో వేగంగా లెక్కలు చేయడం). శనివారం కరాటే, ఆదివారం ఐఐటీ ఫౌండేషన్. పోయినేడు లెక్కల్లో తొంభై దాకా వచ్చేవాడికి ఇప్పుడు అరవై వస్తోంది. "పది అయ్యేదాకా అన్నీ బంద్, చదువొక్కటే" అంటున్నారట వాళ్ల నాన్న. ఆపేయాలా, ఆపితే ఏది ఆపాలి అని ఆమె అడుగుతున్నారు.

నేను అనంతపురం జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తొమ్మిది, పది తరగతులకు క్లాస్ టీచర్‌గా ఉంటూనే స్కూల్ గేమ్స్‌కు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తుంటాను. మార్కులు తగ్గిన పిల్లల తల్లిదండ్రులూ, ఆట మాన్పించొద్దని ఏడ్చే పిల్లలూ ఇద్దరూ నా దగ్గరికే వస్తారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆట ఆపకండి. క్రికెట్ ఉంచండి, కానీ స్కూలు నడిచే రోజుల్లో పొద్దున ఐదున్నరకు వద్దు. అబాకస్, ఫౌండేషన్ రెండూ ఈ నెలతోనే ఆపేయండి. కీబోర్డు, కరాటేల్లో ఏదో ఒకటి ఉంచండి, అది ఏదో బాబునే చెప్పనివ్వండి. ఆరు వారాల పాటు రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోబెట్టండి. లెక్కల సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఎందుకో ఒక్కొక్కటీ చెబుతాను.

మీరు ఐదింటినీ ఒకే లెక్కలో వేశారు. వాటిలో అబాకస్, ఫౌండేషన్ చదువే కదమ్మా. పిల్లవాడు స్కూల్లో కూర్చుని లెక్కలు చేసి వస్తాడు, మళ్లీ ఇంకోచోట కూర్చుని లెక్కలు చేస్తాడు, ఆదివారం మళ్లీ అదే. వాడి వారంలో చదువు తక్కువై ఆట ఎక్కువైందని మీ వారు అనుకుంటున్నారు. మీరు రాసిన టైములు కలిపి చూస్తే నాకు కనిపించింది చదువే రెండింతలు ఉండటం. అందుకే ఇలాంటి ఇళ్లకు నేను మొదట చెప్పేది, కోయాల్సి వస్తే ఆటను కాదు, రెండోసారి వడ్డించే చదువును కోయండి అని.

అబాకస్ చెడ్డదని అనడం లేదు. రెండో తరగతి, మూడో తరగతి పిల్లలకు కూడికలు, తీసివేతలు చకచకా రావడానికి అది పనికొస్తుంది. ఏడో తరగతిలో మార్కులు పోయేది కూడికల దగ్గర కాదు. మైనస్ 3 లోంచి మైనస్ 5 తీసేస్తే ఎంత అంటే తడబడతారు. 2/3ని 4/5తో భాగించమంటే ఏది తిరగేయాలో తెలియక రెండూ తిరగేస్తారు. సమీకరణంలో x అంటే ఏమిటో అర్థం కాకుండానే పక్షం మార్చి గుర్తు మారుస్తారు. వీటిలో ఏ ఒక్కదానికీ పూసల వేగం పనికిరాదు. ఇక ఫౌండేషన్ క్లాసులో తొమ్మిది, పది తరగతుల పాఠాలు ముందే చెబుతారు. ఏడో తరగతి భిన్నాలే కుదరని పిల్లవాడికి పై తరగతి బీజగణితం చెబితే అది అర్థం కాదు, పైగా "నాకు లెక్కలు రావు" అన్న మాట వాడి మనసులో పడిపోతుంది. ఆ మాట ఒకసారి పడితే తీయడం చాలా కష్టం. పదో తరగతిలో నా దగ్గరికి వచ్చేసరికి సగం మంది ఆ మాటతోనే వస్తారు.

ఇప్పుడు నిద్ర. మీ ఉత్తరంలో అన్నిటికన్నా నన్ను కంగారు పెట్టింది ఇదే. హోంవర్క్ అయ్యేసరికి పదిన్నర, పదకొండు అవుతుందన్నారు. ఐదున్నరకు గ్రౌండులో ఉండాలంటే ఐదుకు లేవాలి. అంటే పన్నెండేళ్ల పిల్లవాడు ఆరు గంటలు పడుకుంటున్నాడు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటిన వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ చెబుతోంది. మన ఇళ్లలో పన్నెండు గంటలు ఎలాగూ కుదరదు, కనీసం తొమ్మిదైనా పడాలి. నిద్ర చాలని పిల్లవాడు మందబుద్ధి అయిపోడు, కానీ లెక్క మధ్యలో గుర్తు మర్చిపోతాడు, ప్రశ్న సగమే చదువుతాడు, మూడో మెట్టులో అంకె తప్పు దించుకుంటాడు. తొంభై అరవై కావడానికి అది చాలు. బాబు ఆన్సర్ షీట్లు తీసి చూడండి. పద్ధతి సరిగానే ఉండి మధ్యలో అంకెలు తప్పాయా, అసలు పద్ధతే తెలియలేదా? మొదటిదైతే మందు నిద్రే.

రోజు ఎంత చిన్నదో కాగితం మీద వేసి చూడండి. నేను పేరెంట్స్ మీటింగుల్లో అందరిచేతా ఇది రాయిస్తాను. 24 గంటల్లో నిద్ర 9 తీసేస్తే 15 మిగులుతాయి. వ్యాన్ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మీ బాబు స్కూలు తొమ్మిదిన్నర గంటలు తింటోంది. మిగిలింది ఐదున్నర. స్నానం, టిఫిన్, భోజనం, బ్యాగు సర్దుకోవడం అన్నీ కలిపి రెండు గంటలు. హోంవర్క్ గంటన్నర. ఇంక రెండు గంటలు. అందులోనే ఆట, పాట, టీవీ, అవ్వ దగ్గర కూర్చోవడం, ఏమీ చేయకుండా గోడ చూస్తూ ఉండటం అన్నీ సరిపోవాలి. ఆ చివరిది కూడా పిల్లలకు కావాలి, దయచేసి దాన్ని వృథా అనుకోకండి. ఈ రెండు గంటల్లో ఐదు క్లాసులు ఎలా పడతాయి? అందుకే అవి నిద్రలోంచి, ఆదివారంలోంచి తీసుకుంటున్నాయి.

కాబట్టి నేను పాటించే లెక్క ఇది. స్కూలు నడిచే రోజుల్లో శరీరం కదిలే పని ఒకటి, పిల్లవాడు తనంతట తాను కోరుకున్నది ఇంకొకటి. మూడోది వద్దు. ప్రయాణంతో కలిపి రెండూ వారానికి ఏడెనిమిది గంటలు దాటకూడదు. ప్రయాణం ఎందుకంటున్నానంటే, మీ కర్నూల్లోనే నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఉండి బి.క్యాంపు దాకా కీబోర్డుకు వెళ్లొస్తే ముప్పావు గంట క్లాసుకు గంటన్నర పోతుంది. రెండు మంచి క్లాసుల్లో ఇంటికి దగ్గర ఉన్నదే మంచిది.

ఆట ఎందుకు ఆపొద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచి, గుండె వేగంగా కొట్టుకునేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. మా ఊరి పిల్లలకు అది బడికి నడిచి వెళ్లడంలో, సాయంత్రం కబడ్డీలో వచ్చేస్తుంది. టౌనులో వ్యాన్ ఎక్కి వ్యాన్ దిగే పిల్లవాడికి కోచింగ్ తప్ప వేరే దారి లేదు. మీ స్కూల్లో గేమ్స్ పీరియడ్ టైమ్‌టేబుల్లో ఉందా, ఉంటే నిజంగా జరుగుతోందా అని వెళ్లి అడగండి. అడిగే హక్కు మీకుంది. జాతీయ విద్యా విధానం 2020లోనే పాఠ్యాంశాలకూ ఆటపాటలకూ మధ్య గట్టి గోడ ఉండకూడదని రాశారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగు లేకుండా బడి జరపాలని కూడా రాశారు. చాలా స్కూళ్లు వీటిని పట్టించుకోవు, తల్లిదండ్రులు అడగరు కాబట్టి.

ఇంకో కారణం నా క్లాసులో మళ్లీ మళ్లీ చూసింది. ఒక అబ్బాయి ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. తొమ్మిదిలో చేరగానే ఇంట్లో మాన్పించారు. ఆ గంటన్నర పుస్తకాలకు వస్తుందని వాళ్ల ఆశ. నెల తిరక్కుండానే ఆ గంటన్నర ఫోన్‌కు పోయింది. పైగా ముందు తొమ్మిదికి అలసి పడుకునేవాడు, ఇప్పుడు పన్నెండు దాకా మేలుకుంటున్నాడు. హాఫ్ ఇయర్లీలో అన్ని సబ్జెక్టుల్లోనూ తగ్గాడు. నేను వాళ్ల నాన్నను పిలిపించి, వారానికి నాలుగు రోజులు మళ్లీ గ్రౌండుకు పంపమని, ఫోను మాత్రం ఆయన దగ్గరే పెట్టుకోమని చెప్పాను. ఆయన ఒప్పుకోవడానికి చాలా సేపు పట్టింది. ఆ అబ్బాయి టాపర్ కాలేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసై పాలిటెక్నిక్‌లో చేరాడు, ఇప్పటికీ ఆడుతున్నాడు. ఆట మాన్పిస్తే టైము మిగులుతుందన్నది నిజమే. ఆ టైము చదువులోకే వస్తుందన్న నమ్మకం ఎవరికీ ఉండకూడదు.

ఇలా అన్నానని ఏ క్లాసునూ ఆపొద్దని కాదు. ఒక అమ్మాయికి మంగళవారం, శుక్రవారం సాయంత్రం కచ్చితంగా కడుపునొప్పి వచ్చేది. డాక్టర్లకు చూపించారు, ఏమీ లేదన్నారు. ఆ రెండు రోజులే డ్యాన్సు క్లాసు. ఆ డ్యాన్సు తల్లి కల, కూతురిది కాదు. ఇది ఆ తల్లికి చెప్పడం నాకు చాలా కష్టమైంది, ఎందుకంటే ఆమె చిన్నప్పుడు నేర్చుకోలేకపోయిందాన్ని ప్రేమతోనే కూతురికి ఇవ్వాలనుకుంది. ఆపేశారు. నొప్పి పోయింది. ఆ పాప తర్వాత బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. నిమ్మలకుంటకు తీసుకెళ్లి తోలుబొమ్మలు చేసేవాళ్ల పని చూపిస్తే తిరిగి రానంది. మన పక్కనే ఉన్న ఆ ఊళ్లో తోలు మీద బొమ్మ గీసి రంగులేసే కళాకారులున్నారు, వాళ్లలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. డబ్బు కట్టి చేరిస్తేనే కళ అనుకోవాల్సిన పని లేదు. మా వైపు ఊళ్లలో చెక్కభజన బృందంలో తాత పక్కన నిలబడి తాళం నేర్చుకునే పిల్లలున్నారు, వాళ్లకు సర్టిఫికెట్ ఉండదు కానీ లయ ఎప్పటికీ తప్పదు.

పిల్లవాడికి నిజంగా ఇష్టమో కాదో తెలుసుకోవడానికి "నీకు ఇష్టమేనా?" అని అడిగితే లాభం లేదు. మీ ముఖం చూసి జవాబు చెబుతాడు. క్లాసు లేని రోజున దాన్ని ముట్టుకుంటున్నాడా చూడండి. సెలవు రోజు ఎవరూ చెప్పకుండానే కీబోర్డు ముందు కూర్చుంటే అది ఉంచండి. కరాటే కిక్కులు వరండాలో తమ్ముడికి నేర్పిస్తుంటే అది ఉంచండి. రెండూ ముట్టుకోకపోతే రెండూ ఆపి కొన్నాళ్లు ఖాళీగా వదిలేయండి. కట్టిన ఫీజు గురించి బాధపడి ఇంకో ఏడాది లాగొద్దు.

క్రికెట్ విషయంలో ఒక మాట. పన్నెండేళ్లకే ఒక్క ఆటకు కట్టిపడేయక్కర్లేదు. 2025 నవంబరులో ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది కదా. ఆమె స్కూలు రోజుల్లో వేరే ఆటలు ఆడి, టీనేజ్‌లో క్రికెట్‌ను గట్టిగా పట్టుకుంది. కాబట్టి ఇప్పుడు వారానికి ఆరు పొద్దుల కోచింగ్ మూడు సాయంత్రాలైతే మీ బాబు ఏదో కోల్పోతాడన్న భయం వద్దు. కోచ్‌ను అడిగి సాయంత్రం బ్యాచ్‌కు మార్పించండి. పొద్దున బ్యాచ్ మే నెలకు ఉంచుకోండి. మన ఎండల్లో వేసవిలో ఎలాగూ ఎనిమిదిన్నర దాటాక గ్రౌండులో నిలబడలేరు. అప్పుడు హోంవర్క్ ఉండదు, రాత్రి త్వరగా పడుకుంటాడు, మధ్యాహ్నం కూడా ఓ కునుకు తీస్తాడు. ఏడాదంతా ఒకే టైమ్‌టేబుల్ నడపాలన్న పట్టుదలే చాలా ఇళ్లలో టెన్షన్ తెస్తోంది.

మరి పిల్లవాడు నిజంగానే బాగా ఆడుతుంటే? అప్పుడు నేను చెప్పిన కొలతలు మారతాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు వయసుల్లో జరుగుతాయి. మండలం, జిల్లా దాటి రాష్ట్రానికి ఎంపికైతే ఆ సీజనులో స్కూలు రోజులు పోతాయి, ముందే క్లాస్ టీచర్‌తో మాట్లాడి నోట్సు ఎవరు ఇస్తారో, పోయిన పరీక్ష ఎప్పుడు రాయాలో రాతలో తీసుకోండి. నా దగ్గర ఖోఖోలో రాష్ట్రస్థాయికి వెళ్లిన అమ్మాయి ఉండేది. టోర్నమెంటుకు వెళ్లేటప్పుడు ఒక్క లెక్కల చాప్టరే చేతికిచ్చేదాన్ని. అన్నీ ఇస్తే ఒక్కటీ తెరవదని తెలుసు. పదో తరగతిలో సంక్రాంతి తర్వాత పోటీలు ఆపింది, కానీ సాయంత్రం అరగంట పరుగును మార్చి నెల పరీక్షల దాకా ఆపలేదు. ఆ పరుగు వల్లే రాత్రి కూర్చుని చదవగలుగుతున్నానని తనే చెప్పేది.

అంతకన్నా పై స్థాయి అయితే కడపలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది, ఆటా చదువూ ఒకేచోట. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన స్పోర్ట్స్ విలేజ్ ఉంది. అక్కడే టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ ఫౌండేషన్‌తో కలిసి 2010 నుంచి నడుపుతున్న టెన్నిస్ స్కూల్లో పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్ కూడా నేర్పుతారు. అక్కడ పిల్లల్ని చూస్తే ఆటా చదువూ ఒకదాన్నొకటి తోసుకోవాల్సిన పని లేదని అర్థమవుతుంది. వీలైతే ఒక ఆదివారం మీ వారినీ బాబునూ తీసుకుని వచ్చి చూడండి.

స్పోర్ట్స్ కోటా కోసం మాత్రం పిల్లల్ని ఆటలో దింపకండి. సీట్లు చాలా కొద్ది. పై స్థాయి పోటీల్లో ఆడిన పిల్లలకే అవి దక్కుతాయి. వీధి చివర టోర్నమెంటు సర్టిఫికెట్లు ఫైలులో పెట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లి నిరాశతో తిరిగొచ్చిన తల్లిదండ్రుల్ని నేను చూశాను.

ఇక లెక్కలు. అబాకస్ ఆపిన టైములోంచి రోజుకు ఇరవై ఐదు నిమిషాలు చాలు. కొత్త పాఠం వద్దు. మొదట పూర్ణసంఖ్యల గుర్తులు, తర్వాత భిన్నాలు, ఆ తర్వాతే సమీకరణాలు. రోజుకు ఆరు లెక్కలు, అంతకన్నా ఎక్కువ వద్దు. మాటల్లో ఇచ్చిన లెక్క వస్తే పెన్ను పట్టకముందు దాన్ని తెలుగులో మీకు కథలా చెప్పమనండి. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో చాలామందికి లెక్క వచ్చు, ప్రశ్నే అర్థం కాదు. తెలుగులో చెప్పగలిగితే లెక్క సగం అయిపోయినట్టే. ఈ ఇరవై ఐదు నిమిషాలు వాళ్ల నాన్న కూర్చుంటే ఇంకా మంచిది. రోజూ పక్కన కూర్చుంటే పిల్లవాడు ఎక్కడ ఆగుతున్నాడో ఆయనకే తెలుస్తుంది, క్రికెట్ మీద కోపం కూడా తగ్గుతుంది.

ఒక్కటి మరిచిపోకుండా చేయించండి: కళ్ల పరీక్ష. ఆరు, ఏడు తరగతుల్లో ఉన్నట్టుండి మార్కులు పడిపోయిన పిల్లల్లో బోర్డు సరిగా కనపడని వాళ్లు ఉంటారు. అందరికీ అలాగే కనిపిస్తుందని వాళ్లు అనుకుంటారు కాబట్టి చెప్పరు. పక్కవాడి నోట్సు చూసి అంకెలు దించుకుంటుంటారు. లెక్కల్లోనే ముందు మార్కులు పోవడం దీనికి ఒక గుర్తు.

మీ వారి భయాన్ని తీసిపారేయకండి. ఇంటర్, ఎంట్రన్సులు, పక్కింటి పిల్లల ర్యాంకులు, అన్నీ ఆయన తల మీద ఉన్నాయి. వాదించకుండా గడువు అడగండి. హాఫ్ ఇయర్లీ పరీక్షల దాకా ఈ పద్ధతి నడుపుదాం, అప్పటి మార్కులు చూసి మీరు చెప్పినట్టే చేద్దాం అనండి. గోడ మీద కాగితం పెట్టి రోజూ పడుకున్న టైము, చేసిన లెక్కలు, ఆడిన సేపు, ఈ మూడే బాబు చేత రాయించండి. అప్పటికీ లెక్కలు కదలకపోతే మార్కులు ఎంతో కాదు, ఏ చాప్టర్లో ఎలాంటి తప్పులు పోయాయో ఆన్సర్ షీటు చూసి రాయండి. అక్కడి నుంచి ఏం చేయాలో నేను చెబుతాను.